భద్రాచారి కాజేసిన పొట్టిమాటలు

అనగనగా, గంటాలు పోయి కంప్యూటర్లు వచ్చిన కాలంలో, ఒక ఊళ్లో ఒక అచ్చాఫీసు ఉండేది. అందులో భద్రాచారి ఇరవై ఏళ్లుగా అక్షరాలు కూర్చేవాడు. వేగంలో అతనికి సాటి లేదని పేరు.

ఆ పేరు సువర్చల వచ్చేవరకే.

ఆమె కొత్తగా చేరిన పిల్ల. పెళ్లిపత్రికలు ఆమె పని. భద్రాచారి ఒకటి ముగించేలోగా ఆమె మూడు ముగించేది. "శు" అని కొడితే చాలు, తెర మీద "శుభముహూర్తమున" అని వచ్చేది. చెయ్యి జారి "కల్యణం" అని పడితే, కంప్యూటరే "కల్యాణం" అని దిద్దేది. యజమాని కామేశంగారు "భేష్ తల్లీ!" అన్నప్పుడల్లా భద్రాచారి గుండెలో కుంపటి రాజుకునేది. అన్నం సయించేది కాదు.

మొదట చాడీ చెప్పాడు. "అయ్యా, పని చేసేది ఆ పిల్ల కాదు, మిషను!"

"తప్పుల్లేకుండా వస్తోంది కదయ్యా. ఎవరు చేస్తేనేం?" అన్నారు కామేశంగారు.

తర్వాత చాంతాడంత పేర్లున్న పత్రికలు ఏరి ఏరి ఆమె మీదికి తోశాడు. అవీ మధ్యాహ్నానికే అయిపోయాయి.

"రండి బాబాయ్, మీకూ నేర్పుతాను. మూడు నెలలు నా తప్పులన్నీ రాసిపెట్టుకుని, ఏ పొట్టిమాటకు ఏది రావాలో, ఏ తప్పును ఎలా దిద్దాలో ఒక్కొక్కటే ఈ కంప్యూటరులో పట్టికగా ఎక్కించాను" అంది సువర్చల.

'నిన్నగాక మొన్న వచ్చినదాని దగ్గర నేను నేర్చుకోవాలా!' అని కుళ్లిపోయాడు. ఆమె భోజనానికి వెళ్లగానే ఆ పట్టికంతా తన కంప్యూటరులోకి ఎక్కించుకున్నాడు.

ఆ పూటే నాటక సమాజం వాళ్ల గోడపత్రిక వచ్చింది. అతని వేళ్లు గుర్రాల్లా పరుగెత్తాయి. రాసింది తిరిగి చదవడం అతనికి నామోషీ. మర్నాడు ఊరి గోడలన్నిటి మీదా "నరకాసుర వధువు" వెలిసింది!

జనం పడీ పడీ నవ్వారు. నరకాసుర వేషగాడు మీసం మెలేస్తూ వచ్చి, "నాకు పెళ్లి కుదిర్చిందెవరయ్యా?" అని నిలదీశాడు.

సువర్చలకు సంగతి అర్థమైంది. నలుగురిలో అనలేదు. పక్కకు వచ్చి మెల్లగా చెప్పింది.

"బాబాయ్, 'వధువు' అని కొట్టబోతే తొందరలో నా చెయ్యి 'వధ' దగ్గరే ఆగిపోతుంది. అందుకే 'వధ' అని పడితే 'వధువు' అని దిద్దమన్నాను. అది నా జబ్బుకు మందు. మీకు ఆ జబ్బు లేదు కదా!"

భద్రాచారి తల వాలిపోయింది. తనే వెళ్లి కామేశంగారితో జరిగిందంతా ఒప్పుకున్నాడు. కొత్త గోడపత్రికలు వేసి, వీధి వీధీ తిరిగి తన చేత్తోనే అంటించాడు. తిరిగొచ్చి ఒక నోటుపుస్తకం తెరిచి, ఇరవై ఏళ్లలో మొదటిసారి తన తప్పులు రాసుకోవడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి పేజీ నిండింది.

పరుల నేర్పు చూసి కుళ్లేవాడికి తన తప్పు కనబడదు. తన తప్పు తానెరిగినవాడికి పరుల నేర్పు కాజేసే పనే ఉండదు.