పైడయ్య మోసిన రాణిగారు

అనగనగా, మన ఊరు కాదులే, సముద్రం గాలి తగిలే ఒక ఊళ్ళో పైడయ్య అని ఒక బోయీ ఉండేవాడు. బోయీ అంటే పల్లకి మోసేవాడర్రా. ముందు పైడయ్యా ఒక తమ్ముడూ, వెనకాల ఇద్దరు తమ్ముళ్ళు. ఓహోం ఓహోం అంటూ మోసుకుపోతుంటే లోపల రాజుగారు హాయిగా నిద్రపోయేవారట. కుదుపన్నదే లేని నడక!

ఊ కొడుతున్నారా? ఆ.

ఇంతలో రాజుగారు గుర్రబ్బండి కొన్నారు. పల్లకి నువ్వే ఉంచుకోరా పైడయ్యా అని పంపేశారు. ఇక ఎక్కేవాళ్ళేరీ? కరణంగారికీ బండే కావాలి, పెళ్ళికొడుక్కీ బండే కావాలి, ఆఖరికి పెళ్ళికొడుకు మేనత్తకీ బండే కావాలి! ఇంట్లో గంజి పల్చబడిపోయింది. అయినా పైడయ్య పొద్దున్నే తలపాగా చుట్టుకుని, పల్లకి తుడిచి, రాజుగారి కబురొస్తుందని వీధివైపు చూస్తూ కూర్చునేవాడు.

ఆయన కోడలు నూకాలు, గడుసు పిల్ల. పక్క వీధి కుమ్మరి చిన్నమ్మి కుండలు బండిలో సంతకి చేరేసరికి సగం పెంకులైపోతున్నాయని విని, "మావయ్యా, అవి మనం మోస్తేనో?" అంది.

పైడయ్య గయ్యిమన్నాడు. "రాజుగారు కూర్చున్న చోట కుండలా? నా ప్రాణముండగా జరగదు!"

మర్నాడు ఆయన కాలవకి స్నానానికి వెళ్ళాడు. నూకాలు ఏం చేసిందీ? పల్లకిలో గడ్డి పరిచి, కుండలు పేర్చి, తెర దించేసింది. తమ్ముళ్ళకి ముందే చెప్పిందిలే.

"మావయ్యా, బేగి రండి! పక్క రాజ్యం రాణిగారు సంతకి వెళ్ళాలట. ముఖం చూపించరు, పైగా మౌనవ్రతం!"

పైడయ్య ఎగిరొచ్చి భుజం పెట్టాడు. "రాణిగారు కాస్త పుష్టిగా ఉన్నారే," అన్నాడు గుసగుసగా.

"రాజవంశం కదా మావయ్యా."

ఓహోం ఓహోం, వాగు దాటారు. ఓహోం ఓహోం, రాళ్ళ దిబ్బ ఎక్కారు. లోపల టింగుమంది.

"ఏంటది?"

"కడియాలు మావయ్యా."

"దాహమేస్తోందేమో అడగమ్మా."

నూకాలు తెరలో తల దూర్చి, తీసి, "వద్దన్నట్టు తలూపారు," అంది. తమ్ముళ్ళు నవ్వాపుకోలేక తలపాగా కొంగులు నోట్లో కుక్కుకున్నారు. దారిలో జనం దణ్ణాలు పెడుతుంటే పైడయ్య ఛాతీ ఇంతైంది.

సంతలో దించి, చేతులు జోడించి, తలొంచుకుని నిలబడ్డాడు. నూకాలు తెరెత్తింది. కుండలు, కూజాలు, ముంతలు, మూకుళ్ళు! ఒక్కటీ బీటవారలేదు. ముంతకి దణ్ణం పెడుతున్న పైడయ్యని చూసి సంతంతా గొల్లుమంది.

"నూకాలూ!" అని అరిచాడు, సిగ్గుతో ముఖం కందిపోయి.

ఇంతలో ఎవరో ఆడమనిషి గుంపు తోసుకుంటూ వచ్చింది. "అన్నా, మా అమ్మ నడుం విరిగి పడుంది. బండెక్కిస్తే కుదుపుకి ప్రాణం పోతోందని ఏడుస్తోంది. వైద్యుడి దగ్గరికి మోస్తావా?"

పైడయ్య కోపం ఎటు పోయిందో! ఆమెనీ చూశాడు, పల్లకినీ చూశాడు.

"కుండలు దించండిరా," అన్నాడు తమ్ముళ్ళతో. "నూకాలూ, ఆ తెర ఊడదియ్యమ్మా. ముసలావిడకి గాలాడాలి."

ఆవిడ మూలుగు లేకుండా వైద్యుడింటికి చేరింది. అప్పట్నుంచీ ఒకరోజు కుండలు, ఒకరోజు నూనె జాడీలు, ఒకరోజు జబ్బుమనుషులు. పైడయ్యకి తీరికుంటే ఒట్టు! రోజూ నూకాల్ని తిట్టేవాడట, ఆవిడ వడ్డించిన అన్నం కడుపారా తింటూ.

చూశారుగా, పని పోయిందని వీధిలోకి చూస్తూ కూర్చోకూడదు. లేచి నాలుగిళ్ళు తిరిగి, ఎవరికేం కావాలో అడగాలి.

సరే, కథ కంచి దారి పట్టింది. మీరు దుప్పట్లోకి దూరండి.