దస్తగిరి మాట లేనిదే

దర్గా ఉరుసు భోజనాల బాధ్యత తన మీద పడినప్పటి నుంచి దస్తగిరికి కంటిమీద కునుకు లేదు. కొండ మీది ఆ దర్గాకు గంధం ఊరేగింపు నాడు ఎక్కడెక్కడి నుంచో జనం నడిచొస్తారు. వాళ్లలో ఒక్కరు ఆకలితో కొండ దిగినా తన గురువు బుడేసాహెబ్ తాతకు తలవంపులు. ఆ భయంతో దస్తగిరికి ముద్ద కూడా దిగడం లేదు.

అందుకే ఏర్పాట్లన్నీ పక్కాగా చేసుకున్నాడు. ఏ వంట డేగిసాలో ఎప్పుడు ఎసరు పోయాలో, ఏ మూత ఎప్పుడు తీయాలో ముందే తేల్చేశాడు. దర్గా గుమ్మం పక్క అరుగు మీద కూర్చుని, తన మాట లేనిదే ఎవరూ పుల్ల కూడా కదపకూడదని వంటవాళ్లకు గట్టిగా చెప్పాడు.

పాపం, ఆ సంగతి గాలికి ఎవరూ చెప్పలేదు. గంధం నాడు పొద్దున్నే ఈదురుగాలి లేచి పొయ్యిల్లో మంటలన్నీ ఒక పక్కకే ఎగిశాయి. ఊరేగింపు కూడా అనుకున్నదానికంటే ముందే బయల్దేరిందని కబురొచ్చింది.

ఇక అరుగు ముందు వరస మొదలైంది. ఒకరికి నీళ్లు పోయాలా వద్దా అని సందేహం, ఇంకొకరికి పొయ్యి మార్చాలని ఆత్రం. దస్తగిరి ఒకరికి జవాబు చెప్పేలోపు ఇంకొకరి పొయ్యి దగ్గర పరిస్థితి మారిపోతోంది.

అంతలో మాడు వాసన వచ్చింది. దస్తగిరి పరిగెత్తి చూస్తే ముందు ఎక్కించిన డేగిసా అడుగంటిపోయింది. పక్కన ఎవరూ లేరు. దాన్ని చూసుకోవాల్సిన పీరమ్మ అరుగు ముందు వరసలో నిలబడి ఉంది.

"ఏం పీరమ్మా, మాడిపోతాంటే చూసుకోవద్దా?"

"చూసినా కాబట్టే వచ్చినానన్నా, మంట తీసేయమంటావా అని అడిగేదానికి. అడక్కుండా ఏమీ చేయొద్దంటివి కదా!"

అయినా దస్తగిరి మళ్లీ అరుగెక్కాడు. "తొందరగా అడగండి. ఒక్కొక్కరే రండి" అన్నాడు.

వరస జరుగుతూ జరుగుతూ ఉంటే చివర బుడేసాహెబ్ తాత కనిపించారు. డేగిసా సంగతి తెలిసిపోయినట్టే. తాత మాత్రం తన వంతు కోసం ఆగి, అరుగు ముందుకొచ్చారు. పొగకు ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. నోటికి కండువా అడ్డం పెట్టుకున్నారు.

"దస్తగిరీ, దగ్గొస్తాంది నాయనా. దగ్గమంటావా?"

"అయ్యో తాతా! దానికి కూడా నన్నడగాల్నా?"

తాత కడుపారా దగ్గారు. కళ్లు తుడుచుకుని, అరుగు మీద అతని పక్కనే కూర్చున్నారు.

దస్తగిరి వరస వైపు చూశాడు. పొయ్యిల దగ్గర ఉండాల్సిన మనుషులంతా తన ముందే ఉన్నారు.

"పోండి" అన్నాడు మెల్లగా. "మీకు ఏది మంచిదనిపిస్తే అది చేయండి."

అరుగు ముందు ఎవరూ మిగల్లేదు. భయం మాత్రం ఎక్కడికీ పోలేదు.

"తాతా, వాళ్లు తప్పు చేస్తే?"

"చేస్తారు. పొయ్యి కాడే ఉన్నారు కదా, దిద్దుకుంటారు."

"మరి నేనేం చేయాల?"

తాత కొండ మెట్ల వైపు చెయ్యి చూపించారు. "జనం ఎంతమంది వస్తాండారో పొయ్యి కాడ నుంచి వాళ్లకు యాడ కనపడుతుంది?"

దస్తగిరి అరుగు దిగి మెట్ల వైపు పరిగెత్తాడు.