నూకాలు కుట్టిన బొంత

అనగా అనగా, నా చిన్నప్పటికంటే ముందెప్పుడో, ఒక ఊళ్ళో నూకాలని ఒక కోడలు ఉండేదర్రా. ఆ ఊళ్ళో ఆడవాళ్ళంతా కలిసి ఒకే బొంత కుట్టేవారు. పాత చీర పరిచి, తలా నాలుగు గుడ్డముక్కలు దాని మీద పేర్చి, చుట్టూ కూర్చుని అంచుల నుంచి నడిమికి కుట్టుకుంటూ వచ్చేవారు. ఏ ఇంట్లో బిడ్డ పుడితే బొంత ఆ ఇంటికి. కానీ ముక్క తేనివాళ్ళకి అక్కడ చోటు లేదు, చోటు లేనివాళ్ళ బిడ్డకి బొంతా లేదు.

నూకాలుకి ఆరో నెల. ముక్కలు లేవా అంటే బోలెడు. చనిపోయిన వాళ్ళమ్మ చీరల ముక్కలు మూటకట్టి తెచ్చుకుంది, పుట్టబోయే బిడ్డని వాటి మీదే పడుకోబెట్టాలని. అత్తగారు అచ్చియ్యమ్మ ఒప్పుకుంటేగా. చచ్చినవాళ్ళ గుడ్డ బిడ్డకి తగలకూడదు, గుడ్డతో పాటు దెయ్యమూ వస్తుందని మూట లాక్కుని దాచేసింది. మూటేమో పెట్టెలో, పెట్టేమో గదిలో, గదికేమో తాళం, తాళంచెవేమో అత్తగారి బొడ్లో. ఊ కొడుతున్నారా, నిద్రపోతున్నారా?

పోనీ మీ చీరైనా ఒకటి ఇవ్వండత్తా అంది నూకాలు. పెళ్ళినాటి నుంచి కట్టకుండా దాచిన పట్టుచీరలు ఆవిడకి అదే పెట్టె నిండా ఉన్నాయి. అవి మంచిరోజుకి అంది ఆవిడ. బిడ్డ పుట్టే రోజుకంటే మంచిరోజేదని అడిగితే, ఎదురు మాట్లాడతావా అని కస్సుమంది.

బొంత పరిచే రోజొచ్చింది. నూకాలు మూడుసార్లు తాళంచెవి అడిగింది. ఆవిడ ఇవ్వనంటే ఇవ్వనంది. అప్పుడేం చేసింది? మూల కూర్చుని ఏడ్చిందా? ఏడిస్తే దాని కథ నేనెందుకు చెప్తాను. రోకలి తీసుకుని తాళం పగలగొట్టి, పట్టపగలు పెట్టెని బరబరా వీధిలోకి ఈడ్చింది. ఆరో నెల్లో అదేం పనంటారేమో, నేను ఎనిమిదో నెల్లో అంతకంటే బరువులు మోశాను. ముందు నూకాలు, నూకాలు వెనక పెట్టె, పెట్టె వెనక అత్తగారు, అత్తగారి వెనక ఊరి కుక్కలు.

బొంత దగ్గర కూర్చుని అందరి ముందూ మూట విప్పింది. ఇవి మా అమ్మవి, ఆవిడ దెయ్యమై వస్తే రానీండి, పక్కన కూర్చుని సూదికి దారం ఎక్కిస్తుంది, నేను మాత్రం ఇక్కణ్ణుంచి లేవను అంది.

అచ్చియ్యమ్మ తన చీరలు పట్టుకుపోదామని పైచీర లాగింది. అది మడత మడతకీ విడిపోయింది. ఏళ్ళతరబడి మడత మార్చకపోతే పట్టు అంతే, చివికిపోతుంది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. అన్నీ చదరపు ముక్కలే. అడుగున ఒక పాత నూలుచీర మాత్రం మిగిలింది. దాన్ని చూసి ఆవిడ భోరుమంది. అది వాళ్ళమ్మదర్రా. ఈవిడ కొత్తకోడలిగా వచ్చినప్పుడు ఈవిడ అత్తగారూ అదే మాటంటే, కిక్కురుమనకుండా పెట్టె అడుగున పెట్టేసింది.

నూకాలు జరిగి అత్తగారికి పక్కన చోటిచ్చింది. ఇద్దరు చచ్చినవాళ్ళ గుడ్డలా, దోషం కాదూ అని ఎవరో ముసలమ్మ సణిగింది. అచ్చియ్యమ్మ కళ్ళు తుడుచుకుంది.

"దోషమో గీషమో, నా మనవరాలు మా అమ్మ చీర మీదే పడుకుంటుంది. భయమేసినవాళ్ళు లేచెళ్ళండి," అంది.

ఒక్కరూ లేవలేదు. మూడు నెలలకి ఆడపిల్లే పుట్టింది. ఇటు అమ్మమ్మ చీర, అటు తాతమ్మ చీర, మధ్యలో అది. దెయ్యం రాలేదు గానీ దానికి నిద్ర మాత్రం బాగా వచ్చింది.

అందుకని దోషమంటూ ఎవరైనా మీ నోరు మూయిస్తే ఎందుకని అడగండర్రా, ముందు నన్నే అడగండి. కథేమో కంచి దారి పట్టింది, మీరేమో దుప్పట్లో దూరండి.