కొండకు నిప్పంటుకున్న రోజు

తొమ్మిదేళ్ల సాధనతో తనకు భయమన్నది పోయిందని ఓబులేసు నమ్మకం. కొండకు నిప్పంటుకుందని ఊరంతా మూటలు కట్టుకుంటున్న ఆ మధ్యాహ్నం, అతను మాత్రం నింపాదిగా నడుచుకుంటూ గురువుగారి పాక దగ్గరికి వచ్చాడు.

గురువు సదమలయ్య ఒంటరి మనిషి. అడవి అంచున, ఓబులేసు కాపురముండే కొట్టానికి కేక వినబడేంత దూరంలో ఉండేవాడు. ఆ వేళ గుమ్మంలో నిలబడి పొగ ఎటు వాలుతోందో చూస్తున్నాడు.

"సామీ, నాకే దిగులూ లేదు. ఇల్లు దేవుడికి ఇచ్చేశాను. మీతో ధ్యానంలో కూర్చుందామని వచ్చాను."

"ఇంట్లో ఎవరెవరున్నారు?"

"మా అమ్మ, నా పెళ్లాం సుంకులమ్మ, ఆడపిల్లలిద్దరూ."

"వాళ్లు కూడా ఇచ్చేశారా?"

సదమలయ్య చూరులోంచి కొడవలి లాగి, గబగబా శిష్యుడి ఇంటివైపు నడిచాడు. ఓబులేసు వెనకే వచ్చాడు.

నడవలేని అత్తను వదిలి కదల్లేక, సుంకులమ్మ పిల్లలను పొదువుకుని వాకిట్లోనే నిలబడి ఉంది.

"అమ్మా, ముందు మీరు బయల్దేరండి. వాగులో ఇసుకమేట మీద కూర్చోండి. అక్కడ కాలడానికి గడ్డిపోచ కూడా లేదు. మేమూ అక్కడికే వస్తాం. ఏం మరిచిపోయినా వెనక్కి మాత్రం రావద్దు," అన్నాడు సదమలయ్య.

ఓబులేసు తల్లిని వీపున వేసుకున్నాడు. సుంకులమ్మ నీళ్లబిందె చంకనెత్తుకుని, పిల్లలను ముందు నడిపించుకుంటూ కదిలింది.

అతను వాళ్లను దిగబెట్టి వచ్చేసరికి, గురువు బర్రె పలుపు విప్పి వాగువైపు తోలేశాడు. గోడవారన పేర్చిన కట్టెలు ఎత్తి దూరంగా పడేస్తున్నాడు. ఇద్దరూ కలిసి కొట్టం చుట్టూ ఎండుగడ్డి కోశారు, ఆకులూడ్చారు, మట్టి కనబడేదాకా నేల చెక్కారు. తొట్టిలో నీళ్లన్నీ కప్పు మీద చల్లారు. పైనుంచి మసి రాలుతోంది.

గాలి తిరిగింది. చెట్ల వెనక చిటపటలు వినబడ్డాయి.

"చాలు, పద," అన్నాడు సదమలయ్య.

"ఆ మూల ఇంకా గడ్డుంది సామీ! ఇంత కష్టపడి వదిలేసి పోతామా?"

గురువు అతని చేతిలో పార లాక్కుని విసిరేశాడు.

"దేవుడికి ఇవ్వాల్సింది ఇప్పుడురా. పద!"

ఇద్దరూ వాగువైపు పరుగెత్తారు.

అందరూ తడిగుడ్డలు ముక్కులకు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. పొద్దు వాలేసరికి పొగ పలచబడింది. నిప్పు పూర్తిగా చల్లారాక పైకి వచ్చారు.

కొట్టం నిలబడే ఉంది. చెక్కిన నేలదాకా నల్లగా కాల్చుకుంటూ వచ్చి మంట ఆగిపోయింది. ఒక మూల చూరు కమిలింది, అంతే. సుంకులమ్మ గోడను తడిమి తడిమి చూసుకుని, ఉన్నట్టుండి నవ్వేసింది.

"ఒరే, బర్రె ఏదిరా?" అంది కొడుకు వీపు మీదనుంచి ముసలామె.

అది వాగులోంచి రానని మొరాయించి అక్కడే పడుకుందని పిల్లలు చెప్పేసరికి, అందరూ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు.

అప్పుడు ఓబులేసు చూపు చెట్ల అవతలికి పోయింది. గురువుగారి పాక ఉన్నచోట నాలుగు గుంజలు పొగలు కక్కుతున్నాయి.

"సామీ... మీ పాక..."

సదమలయ్య అటు ఒకసారి చూశాడు. చిన్నపిల్లను దగ్గరికి తీసుకుని, చెంపకంటిన మసి తుడిచాడు.

"అందులో ఎవరూ లేరు కదరా," అన్నాడు.