చెప్పులబండ

పూర్వం గుండ్లకమ్మ ఒడ్డున గవిరాళ్లపల్లెలో, బోదగడ్డి కప్పిన ప్రార్థనామందిరానికి కృపావరం అనే ఉపదేశి ఉండేవాడు. ఎంతటి కష్టకాలంలోనైనా దైవసేవకుడు తన మందను విడిచిపోరాదని ఆయన ప్రతి ఆదివారమూ గంభీరంగా చేసే ఉపదేశం వినడానికి పొరుగూళ్లవారు కూడా వచ్చేవారట. మాటల్లో ఆయనకేమీ లోటు లేదు.

అంతలో ఒక ఏడు వాన మొహం చాటేసింది, ఆ వెనకనే వాంతిభేదులు ఊళ్లోకి దిగాయి. ఆరుగురిని తన చేతులతో పూడ్చిపెట్టిన మరునాడు కృపావరానికి గుండె జారిపోయింది. మందిరం ముందున్న నల్లబండ మీద చెప్పులు విడిచి లోపలికి వెళ్లడం ఆ పల్లె ఆచారం. ఆ మిట్టమధ్యాహ్నం ఆయన కూడా అలాగే విడిచి, లోపల మోకరించబోయి, మోకరించలేక, పెరటి తలుపు తీసుకుని ఎవరికీ చెప్పకుండా పారిపోయాడు.

రెండు రోజులు రాళ్లదారిలో నడిచేసరికి అరికాళ్లు బొబ్బలెక్కాయి. మూడోనాడు వెనుదిరిగాడు. పశ్చాత్తాపంతో అనుకునేరు, చెప్పుల కోసం. పెరటి తలుపునుంచే లోపలికి వచ్చి, వీధి తలుపు ఓరగా తీసి బండ మీదికి చెయ్యి చాచాడు. తీరా చూస్తే పల్లెలో లేవగలిగినవారంతా ఆ బండ చుట్టూ కూర్చుని ఉన్నారు.

వారిలో పెద్దది, ఎలీసమ్మ, లేచి కాచిన నీళ్ల చెంబు అందించింది. "చెప్పులీడనే ఉండాయి గదా, మాకోసం ఉపాసముండి పార్థన జేస్తన్నారని ఎవురం గడప దొక్కలేదయ్యా. మీరే అంత పట్టుబట్టి కూసుంటే మేం ఊరొదిలి యాడికి బోతాం? జబ్బుపడ్డోళ్లని వంతులేసుకుని సూసుకుంటన్నాం. ఈ ఐదు రోజుల్లో ఒక్క పేణం గూడా పోలా."

ఊరుకుంటే చాలు, ఆయన మహాభక్తుడైపోయేవాడే. కానీ ఆయన ఆ నీళ్లు తాగకుండా చెంబు బండ మీద పెట్టేశాడు. సిగ్గుతో తల ఎత్తలేక, తన బొబ్బల కాళ్లకేసి చూస్తూ చెప్పాడు.

"నేను లోపల లేనమ్మా. భయపడి పారిపోయాను. ఇప్పుడొచ్చింది కూడా చెప్పుల కోసమే."

ఎలీసమ్మ బండ మీది చెప్పులకేసి చూసి అంది: "వాటిని సూసుకునే నిలబడ్డామయ్యా. అవి ఆడనే ఉండనీండి. మీరు రండి, యోనా బిడ్డకి నీళ్లు తాపాల."

ఆ తరువాత ముప్పైయేళ్లు, కరువొచ్చినా రోగమొచ్చినా, కృపావరం ఆ పల్లె విడవక ఉత్తకాళ్లతో సేవచేసి అక్కడే కన్నుమూశాడు. నేటికీ ఆ ఊరికి కొత్తగా వచ్చే పాదిరి తొలిరోజున తన చెప్పులు ఆ బండ మీద విడిచి, అక్కడ ఉన్నన్నాళ్లూ మళ్లీ తొడుక్కోడు. ఆ వరుసలో మొదటి జత ఎండి బిగుసుకుపోయిన తోలుముక్కలుగా మిగిలింది. చూడవచ్చినవారు వాటిని భక్తుడి చెప్పులంటే ఊరివారు ఒప్పుకోరు, పారిపోయినవాడి చెప్పులని దిద్దుతారు. అలాగే పిలవమని కోరింది కృపావరమే.