బాగానే ఉంది బాబూ, ఊడ్చేదెవరు?

సముద్రం నీళ్లు ఒకప్పుడు తియ్యగా ఉండేవని ముసలివాళ్లు చెబుతారే, ఆ కాలం నాటి మాట. అప్పటికే చేపలకు మాటలు పోయాయి, మనుషులకింకా సిగ్గు పోలేదు. ఆ కాలంలో పీతలరేవు అని ఒక ఊరు. ఆ ఊరికి సూరపరాజు అని ఒక రాజు.

"ఈ భూమ్మీద ఉన్న వింతలన్నీ నా ఇంట్లోనే ఉన్నాయి!" అనేవాడు సూరపరాజు మీసం దువ్వుకుంటూ. వెంటనే గొంతు తగ్గించి, "అన్నీ అంటే, పదహారు," అనేవాడు. "నేనే దేశాలు తిరిగి మిగతావి తెద్దును గానీ, పడవెక్కితే నాకు వాంతులు."

ఆయన రాజ్యమూ అలాంటిదే. తూర్పున సముద్రం, పడమర కొండ, మధ్యన ఉన్న నేలంతా ఆయనదే. కాకపోతే తూర్పున నిలబడి గట్టిగా తుమ్మితే పడమటివాళ్లు "చిరంజీవ" అనేవాళ్లు.

రాజు మంచివాడే. ఉన్న చెడ్డ అలవాటల్లా ఒక్కటే. రేవులో ఓడ ఆగితే చాలు, చెప్పులు కూడా మరిచిపోయి పరిగెత్తేవాడు. "ఏం వింత తెచ్చారు? ఏం వింత తెచ్చారు?" తెచ్చినదాన్ని తీసుకొచ్చి వింతలకొట్లో పెట్టేవాడు. జనం వచ్చి నోరు తెరిచి చూసేవాళ్లు, తెరిచిన నోళ్లతోనే ఇళ్లకు పోయేవాళ్లు. ఆ తర్వాత తుడిచేదీ, కడిగేదీ, మేత పెట్టేదీ మాత్రం నూకాలు.

నూకాలు ఆ కొట్టు ఊడ్చే మనిషి. నిలబడితే చీపురు కంటే కాస్తే పొడుగు. గొంతు విప్పితే లంగరేసిన ఓడలు కదిలేవి.

ఆ వింతల గోల ఏం చెప్పమంటారు! పిలక చిలక ఒకటి. తెల్లగా ఉంటుంది, కోపమొస్తే నెత్తిన పిలక లేస్తుంది. ఓడవాళ్ల భాషలో ఏదో అంటుంది. అదేమిటో ఊళ్లో ఒక్కరికీ తెలీదు. ఓడవాళ్లు వింటే మాత్రం ముఖాలు ఎర్రబడి బయటికి పోయేవాళ్లు.

ఉత్తరదేశపు మంచుగడ్డ ఇంకొకటి. గాజు జాడీలో వచ్చింది. వచ్చేసరికి నీళ్లయింది. "మంచే. ప్రయాణం చేసి అలిసిపోయింది," అన్నాడు రాజు. ఎండాకాలంలో ఆ నీళ్లు ఇగిరిపోతుంటే నూకాలే ఇంటి కుండలోంచి చెంబుడు తెచ్చి పోసేది. ఆ చెంబుడు నీళ్లకు జనం దండాలు పెట్టేవాళ్లు.

ఇక సముద్రకన్య. చీనా ఓడ తెచ్చింది. మూరెడు పొడవు. పైన కోతిలాంటి మొహం, కింద చేప తోక. నడుం దగ్గర సన్నటి కుట్లు. ఆ కుట్ల సంగతి ఒక్క నూకాలుకే తెలుసు. దుమ్ము దులిపే చేతికి తెలియని గుట్టు ఉంటుందా? రెండుసార్లు దారం తెగితే తనే కుట్టింది. రాజుకు చెప్పలేదు. బొమ్మ పట్టుకుని మురిసిపోయే పిల్లాడితో అది గుడ్డపీలికేనని ఎవరంటారు?

వింత వచ్చిన ప్రతిసారీ ఇదే వరస.

"చూశావా నూకాలూ! ఎంత బాగుందో!"

"బాగానే ఉంది బాబూ. ఊడ్చేదెవరు?"

"నువ్వే నూకాలూ. ఇంకెవరు?"

ఇలా ఉండగా పదిహేడో వింత వచ్చింది. పడమటి దీవుల తాబేలు. బండెడు తాబేలు. కొట్లో పట్టలేదు. పక్కనే ఉన్న నూకాలు ఇల్లు రాజుకు కనబడింది. తాబేలు లోపలికి వెళ్లింది. నూకాలు చాప వాకిట్లోకి వచ్చింది.

సరిగ్గా అప్పుడే కబురొచ్చింది. నూకాలు ఒక్కగానొక్క కూతురు పైడికి ఎనిమిదో నెల. అత్తవారిల్లు ఉప్పుటేరు అవతల. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా! కానీ పుట్టింట్లో తాబేలుంది.

"ఏటమ్మా ఇది?" అని కబురు పంపింది పైడి. "నువ్వు కన్నది నన్నా, తాబేలునా? రావడానికి నాకు చోటు లేదు. నువ్వైనా రా. నువ్వు రాకపోతే నాను కనను. అలగే ఉండిపోతాను."

నూకాలుకు నవ్వు రాలేదు. తన తల్లి తొలి కాన్పులోనే పోయింది. ఆ పుట్టిన పిల్లే తను. పిల్ల నొప్పులు పడేటప్పుడు పక్కన ఉండాలి. అంతే. ఈ లోకంలో ఇంకే వింతా ఆమెకు అక్కర్లేదు.

చీపురు పక్కన పెట్టి రాజు దగ్గరకు వెళ్లింది. "బాబూ, నాకు పదిరోజులు సెలవు కావాల. పిల్ల కాన్పుకెల్లాల."

"తప్పకుండా వెళ్లు," అన్నాడు రాజు. రెండడుగులు వేసి ఆగాడు. "మరి ఊడ్చేదెవరు?"

"అదే కదా బాబూ, ఇన్నేళ్లుగా నానడుగుతున్నది!"

రాజు బుర్ర గోక్కున్నాడు. వింతలు తప్ప ఇంకేమీ తట్టని బుర్ర అది. "సరే, ఒక పని చెయ్. నా దగ్గర లేని వింత ఒక్కటి తెచ్చి చూపించు. పదిరోజులు కాదు, పదకొండు వెళ్లు."

నూకాలు పళ్లు నూరుకుంటూ వెళ్లింది. మర్నాడు చేటలో చారెడు దుమ్ము తెచ్చి ముందు పెట్టింది.

"ఏమిటిది?"

"పన్నెండు దేశాల దుమ్ము బాబూ. మీ వింతల కింద ఊడ్చాను. ఏ రాజు దగ్గరైనా ఉందా?"

రాజు పొంగిపోయాడు. "ఎంత గొప్ప వింత!" అంటూ ఆ దుమ్మును బుడ్డిలో పోయించి, మూత పెట్టించి, కొట్లో నడిమధ్యన నిలబెట్టించాడు. "కానీ నూకాలూ, ఇది నా ఇంట్లోనే ఉన్నది కదా. నా దగ్గర లేనిదెలా అవుతుంది?" వెళ్లబోతూ వెనక్కి తిరిగి, "ఆ బుడ్డి మీద దుమ్ము పడకుండా రోజూ తుడుస్తూ ఉండు," అన్నాడు.

దుమ్ము మీద దుమ్ము తుడవాలి! నూకాలు తల గోడకేసి కొట్టుకోబోయింది. గోడ కూడా తనే కడగాలని గుర్తొచ్చి ఆగింది.

పైడి నుంచి రెండో కబురొచ్చింది. "అమ్మా, తొమ్మిదో నెల పడింది. తాబేలు బాగుందా?"

ఈసారి నూకాలు బంగారయ్య అనే ముసలి జాలరిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "చూడండి బాబూ. పట్టిన చేప ఎంతుందో అంతే చెప్పే జాలరి. ఇలాంటివాణ్ణి ఏ రేవులోనైనా చూశారా?"

"లేదే!" అన్నాడు రాజు ఆత్రంగా. "ఏదీ, నిన్న పట్టిన చేప ఎంతుంది?"

బంగారయ్య నిజంగానే నిజాయితీపరుడు. అరచెయ్యి చూపించాడు. "ఇంత బాబూ." రాజు ముఖం చిన్నబోయింది. ఆ ముఖం చూసి బంగారయ్య మనసు కరిగింది. చెయ్యి మోచేతి దాకా పోయింది. "తోకతో కలిపితే ఇంత." రాజు కళ్లు మెరిశాయి. చెయ్యి భుజం దాకా పోయింది. "నీళ్లలో ఉన్నప్పుడు ఇంత." నూకాలు చూస్తూ ఉండగానే రెండు చేతులూ బారగా చాచేశాడు.

"నీ నోట్లో ఇసక పొయ్య! ఇంకో రెండు ఘడియలు నిజం చెబితే నీ సొమ్మేం పోయేదిరా!" అని నూకాలు అరిచిన అరుపుకు పిలక చిలక ఆ రోజంతా నోరెత్తలేదు.

మూడో కబురు పైడి పంపలేదు. పైడి మొగుడే ఏరు దాటి వచ్చాడు. "అత్తా, నొప్పులు మొదలయ్యేలా ఉన్నాయి. నీ పేరే కలవరిస్తంది." అంతే అన్నాడు.

నూకాలు ఈసారి ఏమీ వెతకలేదు. రాజును భుజం పట్టుకుని వింతలకొట్లోకి నడిపించింది. రాజును భుజం పట్టుకోకూడదని ఆమెకు గుర్తు లేదు, ఆయనకూ గుర్తు లేదు. కొట్లో పరదేశపు నిలువుటద్దం ఒకటుంది. దాని ముందు నిలబెట్టి, తన చీపురు ఆయన చేతిలో పెట్టింది.

"చూడండి బాబూ. చీపురు పట్టిన రాజు. ఏ దేశంలోనైనా ఉన్నాడా? ఏ ఓడైనా తెచ్చిందా?"

సూరపరాజు అద్దంలోకి చూశాడు. ఎడమకు తిరిగి చూశాడు. కుడికి తిరిగి చూశాడు. చీపురు తలకిందులుగా పట్టుకున్నానని కూడా ఆయనకు తెలీదు.

"లేడు," అన్నాడు నెమ్మదిగా. "ఎక్కడా లేడు."

"అయితే, ఊడ్చేదెవరు?"

రాజు చీపురు గట్టిగా పట్టుకున్నాడు. "నేనే నూకాలూ. ఇంకెవరు?"

ఆ మాట పూర్తయ్యేసరికి నూకాలు ఏరు దగ్గర ఉంది.

పైడి నొప్పులు పడుతున్నంతసేపూ తల్లి చెయ్యి వదల్లేదు. మధ్యమధ్యలో "తాబేలు బాగుందా?" అని పళ్లు బిగించి అడుగుతూనే ఉంది. తెల్లారేసరికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. పదకొండు రోజులూ నూకాలు చీపురు ముట్టలేదు. కాళ్లు చాపుకుని కూర్చుని, మనవరాలి పిడికిలి విప్పి చూసి, మళ్లీ మూసి, మళ్లీ విప్పి చూసింది.

పన్నెండో రోజున పీతలరేవు చేరింది. వింతలకొట్టు ముందు బారులు తీరి జనం. బయటికి వచ్చే ప్రతివాడూ పెదవి కొరుక్కుంటూ, భుజాలు కదుపుకుంటూ వస్తున్నాడు. గుమ్మం దగ్గర ఊళ్లో ఉన్న పిల్లులన్నీ వరసగా కూర్చున్నాయి.

నూకాలు గాలి పీల్చింది. నేరుగా సముద్రకన్య దగ్గరకు వెళ్లింది. నడుం పైన అదే కోతి మొహం. నడుం కింద ఎండు వంజరం. గోనెసంచులు కుట్టే దారంతో, బారెడు బారెడు కుట్లు.

పీతలరేవులో పాలు తాగే పిల్ల కూడా తోక చూస్తే చేప పేరు చెబుతుంది. తెలియనిది రాజు ఒక్కడికే. ఆయనకు చేప ఎప్పుడూ కంచంలో ముక్కగానే పరిచయం. ఊరు ఊరంతా వచ్చి, ఎండు వంజరానికి దండం పెట్టి, రాజు మనసు నొప్పించలేక, నవ్వు ఆపుకుని బయటికొచ్చి నవ్వుకుంటోంది.

"బాబూ, ఈ తోకెక్కడిది?"

"ఏ తోక?" అన్నాడు రాజు. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. నడుం వంగి ఉంది. కొట్టు మాత్రం, చెప్పొద్దూ, మెరుస్తోంది.

"పాత తోకేమైంది?"

"పిల్లి," అన్నాడు రాజు నేల చూస్తూ.

నూకాలు సూదీ దారం తెచ్చి, గుడ్డతో, గవ్వలతో తోక కుట్టడానికి కూర్చుంది. పిల్లులు నిరాశగా వెళ్లిపోయాయి.

ఆ తర్వాత వచ్చిన ఓడ ఒంటెంత పక్షిని తెచ్చింది. రాజు చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. చూశాడు, మురిశాడు, చుట్టూ మూడుసార్లు తిరిగాడు. చివరికి తన అరచేతులు చూసుకుని, నిట్టూర్చి, "బాగానే ఉంది. ఊడ్చేదెవరు?" అని తనే అడిగి, తనే వెనక్కి పంపేశాడు. తాబేలును నూకాలు ఇంట్లోంచి తన పడకగదికి మార్పించాడు. పైడి రెండో కాన్పు పుట్టింట్లోనే జరిగింది.

నూకాలు చాలా ఏళ్లు బతికింది. మనవరాలి పెళ్లినాడు మళ్లీ అడిగింది. "ఇప్పటికైనా చెప్పండి బాబూ. ఆ తోక ఎలా ఊడింది?"

"గాలికి," అన్నాడు రాజు.

మంచం పట్టినప్పుడు మూడోసారి అడిగింది. రాజు మంచం పక్కన కూర్చుని నోరు తెరిచాడు. మూశాడు. "పోన్లెండి, దాచుకోండి," అని నవ్వింది నూకాలు. మర్నాటికి లేదు.

ఆ రేవు ప్రాంతంలో ఎవరైనా కొత్త వస్తువు తెచ్చి గొప్పలు పోతే, ఇంట్లోవాళ్లు ముందు చీపురు చేతికిస్తారు. "బాగానే ఉంది, ఊడ్చేదెవరు?" అంటారు. ఏడాదికొకసారి, నూకాలు ఏరు దాటి వెళ్లిన రోజున, నూకాలు పూట జరుపుకుంటారు. ఆ పూట ఇంటి పెద్ద చీపురు పట్టాలి. రోజూ ఊడ్చే మనిషి మంచమెక్కి కూర్చుని తిట్టాలి. ఎన్ని తిట్టినా ఆ ఇంటి పెద్ద కోపం తెచ్చుకోకూడదు. ఊడ్చాక, దాచిపెట్టుకున్న సిగ్గుమాలిన పని ఒకటి పదిమందిలో ఒప్పుకోవాలి. ఒప్పుకునేదాకా అన్నం పెట్టరు.

మొట్టమొదటి నూకాలు పూట, ఆమె పోయిన ఏడాది, వింతలకొట్టు వాకిట్లో జరిగింది. ముసలి సూరపరాజు ఊడ్చాడు. పైడి మంచమెక్కి, తల్లి గొంతుతోనే, తాబేలు బాకీ అంతా తీరేలా తిట్టింది. ఊరంతా చూస్తుండగా రాజు చీపురు గోడకు ఆనించి, సముద్రకన్యను ఒళ్లో పెట్టుకున్నాడు.

"పిల్లి కాదు. గాలి కాదు," అన్నాడు. "నూకాలు వెళ్లిపోయాక నన్ను తిట్టేవాళ్లే లేకపోయారు. ఇల్లు బావురుమంది. మూడోనాడు తలుపు గడియ పెట్టి, ఈమెను ఉయ్యాలబల్ల మీద కూర్చోబెట్టాను. నేనే నూకాలు గొంతు పెట్టి, 'ఏటి బాబూ, ఆ మూల దుమ్మెవరు తీస్తారు?' అని నన్ను తిట్టించుకున్నాను. ప్రాణం లేచొచ్చింది. ఉయ్యాల గట్టిగా ఊపాను. కన్య ఒక గోడకు కొట్టుకుంది, తోక ఇంకో గోడకు."

ఎవరూ నవ్వలేదు. రాజు కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"మర్నాడు కూడా కూర్చోబెట్టాను," అన్నాడు. "తోక లేకుండానే."