పిల్లల చేతికి అందని మందుల పెట్టె

జీడితోటల మధ్య ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక పెంకుటిల్లు. ఆ ఇంట్లో తవిటమ్మ, ఆమె తమ్ముళ్ళు పోలయ్య, గవరయ్య ఉండేవారు. తమ తెలివి మీద ముగ్గురికీ ఎంత గర్వమంటే, మబ్బు కూడా తమనడిగే కురుస్తుందనుకునేవారు.

"మనకో మాట చెపితే చాలు, అక్షరం పొల్లుపోకుండా చేస్తాం. అంత బుద్ధి ఈ ఊళ్ళో ఎవడికుంది?" అనేవాడు పోలయ్య.

"నాకుంది," అనేవాడు గవరయ్య.

"నిన్ను కూడా కలుపుకునే అన్నానురా!"

"అయితే సరే."

ఊళ్ళో ఆడవాళ్ళంతా జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి పోతారు. బడి పెందలాడే వదిలేస్తారు, ఫ్యాక్టరీ మాత్రం దీపాల వేళకు గానీ వదలరు. ఆ నడిమి వేళంతా పిల్లలు తవిటమ్మ ఇంట్లోనే. ఆమె వాళ్ళకి మరమరాలు పెట్టి, పీట మీద కూర్చుని కబుర్లు చెప్పేది. మోకాళ్ళ నొప్పుల మనిషి కదా, ఆ పీటంటే ఆమెకు ప్రాణం. పిల్లలంటే అంతకన్నా ప్రాణం.

ఒకరోజు ఆరోగ్య కేంద్రం నుంచి భాగ్యవతి అనే నర్సమ్మ వచ్చింది.

"తవిటమ్మా, ఇంతమంది పిల్లలున్న చోట ఆపదొస్తే ఏం చెయ్యాలో ముందే అనుకుని ఉండాలి. ఇదిగో మందుల పెట్టె, పిల్లల చేతికి అందకుండా పెట్టండి. గంట కొట్టగానే అందరూ బయటికి రావాలి, అది అలవాటు చెయ్యండి. ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు వాళ్ళమ్మకి చెప్పండి. శుక్రవారం వచ్చి చూస్తాను. సరిగ్గా లేకపోతే ఇక్కడ పిల్లల్ని ఉంచనివ్వను."

పిల్లలు రాని సాయంత్రం ఆ ఇల్లు ఎలా ఉంటుందో తలుచుకోడానికే తవిటమ్మకి భయమేసింది.

ముందు పెట్టెను గూట్లో పెట్టారు. "స్టూలెక్కితే అందుతుందప్పా," అన్నాడు పోలయ్య అక్కతో. అటక మీద పెట్టారు. "నిచ్చెనేస్తే అందుతుంది," అన్నాడు గవరయ్య. ముగ్గురూ ఆలోచించారు. అంతే, గవరయ్య పెరట్లో కొబ్బరిచెట్టెక్కి పెట్టెను మట్టల్లో కట్టేసి దిగాడు.

"ఇప్పుడు మన చేతికి కూడా అందదురా!" అని మురిసిపోయింది తవిటమ్మ.

శుక్రవారం నర్సమ్మ రాకముందే గంట సంగతి చూసుకుందామని పోలయ్య ఇత్తడి గంట పట్టుకొచ్చాడు. పిల్లలు అప్పటికే వాకిట్లో ఆడుకుంటున్నారు.

"మీరు బయటే ఉంటే బయటికెలా వస్తారు? లోపలికి పదండి!" అని అందరినీ లోపలికి తోలి, గంట కొట్టాడు. పిల్లలు బిలబిలా బయటికొచ్చేశారు. వెనకాలే ముగ్గురూ వచ్చారు. తవిటమ్మకి ఆనందంతో కళ్ళు చెమర్చాయి.

ఇంతలో వాన మొదలైంది.

"తవిటత్తా, లోపలికి పోదామా?" అంది పైడి. ఆ పిల్ల అందరిలోకీ కాస్త గడుసుది.

"బయటికి రమ్మని చెప్పింది గానీ, మళ్ళీ లోపలికి పొమ్మని నర్సమ్మ చెప్పలేదే, తల్లీ!"

ఇంకేముంది, అందరూ వాకిట్లోనే నిలబడ్డారు. చిన్నపిల్లల్ని తవిటమ్మ తన కొంగు కింద దాచుకుంది, తను మాత్రం ముద్దయిపోయింది. కాసేపటికి ఒకడు తుమ్మాడు. వాణ్ణి చూసి ఇంకొకడు. ఆ తర్వాత తుమ్మని పిల్ల లేదు.

"మందు కావాలిరా!" అని కేకేసింది తవిటమ్మ. గవరయ్య తడి చెట్టెక్కాడు. పైనుంచి, "అప్పా, పెట్టె దొరికింది! దీన్ని ఏ చేత్తో పట్టుకోను?" అన్నాడు.

"రెండు చేతుల్తోనూ పట్టుకో, జాగ్రత్త!"

అక్క మాట జవదాటని తమ్ముడు. రెండు చేతుల్తోనూ పట్టుకున్నాడు. అంతే, పెట్టెతో సహా జర్రున జారి కొబ్బరిపీచు కుప్పలో పడ్డాడు. పెట్టెకేమీ కాలేదు గానీ, అతని కాలు మడతపడింది.

"ఓలమ్మో!" అని అరిచాడు గవరయ్య.

"అదే, అమ్మకే ముందు చెప్పాలి!" అన్నాడు పోలయ్య.

వాళ్ళమ్మ పోయి చాలా కాలమైంది. ఆవిడ ఫొటో నడవలో గోడకుంది. లోపలికి పోకూడదు కదా, అందుకని పోలయ్య కిటికీ చువ్వలు పట్టుకుని అరిచాడు. "అమ్మా, గవరయ్య కాలు మడతపడింది! ఆసుపత్రికి తీసుకెళ్ళమంటావేటి?"

ఫొటో పలకలేదు.

ఈ గోలకి దారినపోయే ఆటో ఆగింది. "ఎక్కించండి, దింపేస్తాను," అన్నాడు ఆటోవాడు.

"మా అమ్మ ఇంకా ఒప్పుకోలేదు బాబూ," అంది తవిటమ్మ.

"చిన్నప్పుడు చెట్లెక్కొద్దని చెప్పింది, అందుకే అలిగింది," అని గవరయ్య వెక్కివెక్కి ఏడ్చాడు.

సరిగ్గా అప్పుడే గొడుగేసుకుని నర్సమ్మ దిగింది. ఇత్తడి గంట, తుమ్ములు, కిటికీకి వేలాడుతున్న పోలయ్య, అన్నీ చూసింది. అందరినీ లోపలికి తోలింది, పిల్లల తలలు తుడిచింది, గవరయ్య కాలికి కట్టు కట్టింది. కాలు విరగలేదు. అప్పుడు తవిటమ్మ వైపు తిరిగి, "ఇక రేపట్నుంచి..." అంటుండగా పైడి ఆమె చెయ్యి పట్టుకుంది.

"మా అమ్మ వచ్చేదాకా మేం ఎక్కడుండాలి, నర్సమ్మా? తవిటత్త తను తడిసింది గానీ చిన్నోళ్ళని తడవనివ్వలేదు."

నర్సమ్మ తవిటమ్మ కొంగు చూసింది. దాన్నుంచి నీళ్ళు కారుతున్నాయి. పెద్దగా నిట్టూర్చింది.

"సరే. గంట కొట్టే పని ఇకనుంచి పైడిది. మీకు ఒక్కటే చెపుతాను, అదైనా బుర్రకెక్కించుకోండి. పెట్టె పిల్లలకి అందకూడదు, మీకు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి."

"ఇంతేనా!" అన్నారు ముగ్గురూ.

మర్నాడు సాయంత్రం పైడి తల్లి కూతురి కోసం వచ్చింది. చూస్తే, వాకిట్లో తవిటమ్మ నిటారుగా నిలబడి ఉంది. నెత్తి మీద మందుల పెట్టె, అది జారకుండా గడ్డం కింద తువ్వాలు ముడి.

"అదేటి తవిటప్పా! మోకాళ్ళ నొప్పులదానివి, కూర్చోరాదా?"

"కూర్చుంటే పిల్లల చేతికి అందిపోదూ? నిలబడితే నాకొక్కదానికే అందుతుంది."

"మిగతా పిల్లలంతా ఇళ్ళకి పోయారు, మా పైడినీ తీసుకుపోతున్నాను కదే!"

"పోతే పోయారు. రేపు రారేటి?" అంది తవిటమ్మ. కానీ ఆమె చూపు మాత్రం ఉండుండి పీట మీదికి పోతోంది.

అది పోలయ్య కనిపెట్టాడు. "ఈ పీట అప్పకి అందకుండా పెట్టాలిరా," అన్నాడు.

కుంటుతూనే గవరయ్య వెళ్ళి చెట్టు చూపించాడు. పోలయ్య పీటను రెండు చేతుల్తోనూ పట్టుకుని కొబ్బరిచెట్టెక్కడం మొదలుపెట్టాడు.